నిజాం నగలకు రాసిన కట్టుబాటు

జాకబ్ వజ్రం చౌమహల్లా ప్యాలెస్‌లో, తండ్రి చెప్పు కొనలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు దొరికిందని హైదరాబాద్ పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 184.75 క్యారట్ల ఆ రాయిని ఆయన కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకునేవారట.

1948లో రాజ్యం పోయింది. ఆస్తి చెదిరిపోకూడదని నిజాం వరుసగా ట్రస్టులు రాయించారు. 1951లో నగల ట్రస్టు, మరుసటి ఏడు దానికి అనుబంధం. తానూ, పెద్ద కొడుకు ఆజం జా కన్నుమూశాకే నగలు అమ్మాలన్నది షరతు.

అలా రాసినదాన్ని తర్వాత మనసు మారితే చించేయడం కుదరదు. 1882 నాటి ట్రస్టుల చట్టం 78వ సెక్షన్ ప్రకారం, రద్దు చేసే హక్కును దస్తావేజులోనే స్పష్టంగా అట్టిపెట్టుకోవాలి. లేదా లబ్ధిదారులంతా ఒప్పందం చేసుకునే అర్హత ఉన్నవారై, అందరూ ఒప్పుకోవాలి. పాతబస్తీకి బాగా తెలిసిన వక్ఫ్ ఇంకా గట్టిది: ఒకసారి దేవుడి పేర రాశాక వెనక్కి తీసుకోవడమే ఉండదు.

1967లో నిజాం, 1970లో ఆజం జా మరణించారు. అమ్మకం దగ్గర ప్రభుత్వంతో వ్యాజ్యం మొదలై సుప్రీంకోర్టు దాకా సాగింది. చివరికి 1995లో 173 నగలను కేంద్రం 218 కోట్ల రూపాయలకు కొన్నది. దేశం దాటిపోకుండా ఆపడం మంచి పనే. 2001లో సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు. శాశ్వతంగా ఇక్కడే ఉంచాలని హైదరాబాదీలు అడుగుతూనే ఉన్నారు.