పస్కా వారంలో భోజనం: నియమం తప్పకుండా, బరువు పెరగకుండా

తెలుగు బైబిలు పాఠకులకు పులియని రొట్టెల పండుగగా పరిచయమున్న పస్కాను యూదులు హీబ్రూలో పెసహ్ అంటారు. ఐగుప్తు దాస్యం నుంచి ఇశ్రాయేలీయులు విముక్తి పొందిన ఘట్టాన్ని స్మరించే ఈ పండుగ నీసాను మాసం 15వ తేదీన, పౌర్ణమి వేళ ప్రారంభమవుతుంది. చాలా సంవత్సరాల్లో అది మన చైత్ర పౌర్ణమి ప్రాంతంలోనే వస్తుంది. ఇజ్రాయెల్‌లో 7 రోజులు, ఇతర దేశాల్లో సంప్రదాయవాదులు 8 రోజులు దీనిని ఆచరిస్తారు. ఆ రోజుల్లో రొట్టె, బిస్కెట్లు, నూడుల్స్, బీరు వంటివి ఇంట్లో ఉంచుకోరు.

ఇన్ని మానివేసినా పండుగ ముగిసేసరికి బరువు పెరిగిందనీ, మలబద్ధకం బాధించిందనీ, మధుమేహం అదుపు తప్పిందనీ చెప్పేవారు ఉంటారు. ఇందుకు కారణం నియమం కాదు. మానివేసిన పదార్థాల స్థానంలో పళ్లెంలోకి ఏమి వచ్చి చేరుతున్నదన్నదే అసలు విషయం.

నియమం ఎంతవరకు?

గోధుమ, బార్లీ, ఓట్స్, రై, స్పెల్ట్ అనే అయిదు ధాన్యాల పిండి నీటితో కలిసి పులిస్తే దానిని హమెత్స్ అంటారు. పస్కాలో నిషిద్ధమైనది అదే. పిండిలో నీరు పోసిన తరువాత 18 నిమిషాల లోపల కాల్చిన పలుచని పులియని రొట్టె మత్సా. ఐగుప్తు నుంచి తొందరగా బయలుదేరినవారికి పిండి పులిసే వ్యవధి లేకపోయిందన్న జ్ఞాపకానికి అది గుర్తు.

మత్సాను తప్పక తినవలసినది పండుగ తొలిరాత్రి జరిగే సేదెర్ విందులో. ఇజ్రాయెల్ వెలుపల రెండవ రాత్రి కూడా సేదెర్ ఉంటుంది. అక్కడ కూడా విధిగా తినవలసిన పరిమాణాన్ని ఆలివ్ కాయతో కొలుస్తారు. సబ్బాతు భోజనంలోనూ, పండుగ భోజనంలోనూ మత్సా ఉంచే ఆచారం ఉంది గాని, వారమంతా ప్రతిపూటా తినాలన్న విధి లేదు. ఈ తేడాను గుర్తుంచుకుంటే సగం సమస్య తీరుతుంది.

మత్సాలో ఏముంది?

యంత్రంపై తయారైన ఒక మత్సా సుమారు 30 గ్రాములు ఉంటుంది. దానిలో దాదాపు 110 కేలరీలు, 25 గ్రాముల వరకు పిండిపదార్థాలు ఉంటాయి. అంటే ఒక మత్సా సాధారణ రొట్టె ముక్క ఒకటిన్నరతో సమానం. చేతితో చేసే గుండ్రని మత్సా బరువు ఇంకా ఎక్కువ. పలుచగా, పొడిగా ఉండడం వల్ల తిన్నట్టే తోచదు. మూడు నాలుగు తేలికగా తినేస్తారు. నాలుగు తింటే వెన్న, జామ్ లెక్కలోకి రాకముందే 400 కేలరీలు దాటుతాయి.

మైదా వంటి తెల్లని పిండితో చేసిన మత్సాలో పీచుపదార్థం చాలా తక్కువ. మలబద్ధకానికి ఇది ముఖ్య కారణం. ముడి గోధుమపిండితో చేసిన మత్సాలో పీచు ఎక్కువ. అయితే కేలరీలు దాదాపు అంతే. ఏ రకమైనా, పూటకు ఒకటి చాలు. దానితోపాటు కూరగాయలు, తగినంత మంచినీరు తీసుకోవాలి.

సేదెర్ రాత్రి జాగ్రత్తలు

సేదెర్ చీకటి పడిన తరువాత మొదలవుతుంది. నిర్గమన కథను చెప్పే హగ్గాదా పఠనం ముగిశాకే అసలు భోజనం. అప్పటికి ఆకలి ముదిరి, వడ్డించినదంతా తినేస్తారు. అందువల్ల పగటిపూట చేప, గుడ్డు, కూరగాయలతో తేలికపాటి భోజనం చేయడం మంచిది. పండుగ ముందురోజు ఉపవాసముండే తొలిచూలు కుమారులు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి.

విందులో నాలుగు పాత్రల ద్రాక్షసారాయి తాగడం ఆచారం. పాత్ర ఒక్కొక్కటి 150 మిల్లీలీటర్లయితే మొత్తం 500 కేలరీలకు చేరువవుతుంది. ఆచారానికి అంత పెద్ద పాత్ర అవసరం లేదు. ఒక ప్రసిద్ధ లెక్క ప్రకారం 86 మిల్లీలీటర్లు సరిపోతాయి. ద్రాక్షరసం వాడుకోవచ్చు గాని, మద్యం లేకపోయినా అందులో చక్కెర ఎక్కువ.

మిగిలిన రోజుల్లో

బరువు పెంచేవి ఎక్కువగా ఈ రోజుల్లోనే చేరతాయి: నూనెలో వేయించిన మత్సా, బంగాళాదుంప కుగెల్, బంగాళాదుంప పిండితో చేసిన కేకులు, కొబ్బరి మకరూన్లు. పెట్టెపై పస్కాకు యోగ్యమని రాసి ఉన్నంత మాత్రాన ఆ పదార్థం ఆరోగ్యకరమని అర్థం కాదు.

తాజా కూరగాయలు, పండ్లు, చేపలు, గుడ్లు, చర్మం తీసిన కోడిమాంసం, అక్రోటు కాయలు పస్కాలో నిషిద్ధం కావు. పళ్లెంలో సగం కూరగాయలు, పావువంతు మాంసకృత్తులు, మిగిలిన పావులో మత్సా లేదా బంగాళాదుంప అన్న పద్ధతి సులువైనది. మత్సా, బంగాళాదుంప రెండూ ఒకే పూట వద్దు.

యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులు కిత్నియోత్ అనే వర్గంలోని బియ్యం, పప్పులు, చిక్కుళ్లు కూడా మానేస్తారు. సెఫార్డీ యూదుల్లో పలువురు వాటిని తింటారు. అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ ధర్మశాస్త్ర సంఘం 2015లో వాటిని అనుమతించింది. బియ్యాన్ని నిషేధించని సంప్రదాయం భారతీయ యూదుల్లోనూ ఉంది. మహారాష్ట్రలోని బెనె ఇజ్రాయెల్, కేరళలోని కొచ్చిన్ యూదులతోపాటు, గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీము పేరిట తెలుగు మాట్లాడే చిన్న సమాజం కూడా పస్కా జరుపుకుంటుంది. పప్పులు తినే సంప్రదాయం వారికి పీచు, మాంసకృత్తులు సులభంగా లభిస్తాయి. అయితే అన్నం, మత్సా రెండూ కలిస్తే పిండిపదార్థాలు రెట్టింపవుతాయి.

వైద్యులను సంప్రదించవలసినవారు

మధుమేహులు ఒక్కొక్క మత్సాలోని పిండిపదార్థాలను లెక్కలో వేసుకోవాలి. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవారు పరగడుపున మద్యం తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. యూదుల నియమం ప్రకారం మాంసాన్ని ఉప్పులో ఉంచి రక్తం తీసివేస్తారు కాబట్టి దానిలో సోడియం ఎక్కువ. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు వంటలో మళ్లీ ఉప్పు తగ్గించుకోవాలి. వార్ఫరిన్ వాడేవారు చేదు కూరగా తినే లెట్యూస్‌ను హఠాత్తుగా పెంచరాదు. దానిలోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. గ్లూటెన్ పడని సీలియాక్ రోగులకు గ్లూటెన్ లేని ఓట్స్‌తో చేసిన మత్సా దొరుకుతుంది.

ప్రాణరక్షణ కోసం దాదాపు అన్ని ఆజ్ఞలనూ పక్కన పెట్టవచ్చునని యూదు ధర్మశాస్త్రమే చెబుతుంది. కనుక రోగులు పండుగకు ముందే ఇటు వైద్యుణ్ని, అటు రబ్బీని సంప్రదించి, ఏది ఎంత తినాలో నిర్ణయించుకోవడం శ్రేయస్కరం. మిగిలినవారు విధిగా తినవలసినది కొంచెమేనని గుర్తుంచుకుని, అంతకు మించినది ఆకలిని బట్టి తింటే చాలు.