రాజుగారి బల్ల నుంచి రెండడుగుల పలక దాకా

చిన్న సైనిక బొమ్మలతో ఆడే మినియేచర్ వార్‌గేమింగ్ అంటే పెద్ద హాలు, పెద్ద బల్ల ఉన్నవాళ్ల ఆట అని చాలామంది అనుకుంటారు. ఆ ఆట చరిత్ర మాత్రం ఇందుకు ఒప్పుకోదు. చోటు కుదించుకున్నప్పుడల్లా అది మరింతమందికి చేరింది, పదునెక్కింది కూడా. మన చతురంగం సంతతి అయిన చెస్‌కు 64 గళ్లు చాలవనుకున్న హెల్విగ్ అనే జర్మన్ బోధకుడు 1780లో వెయ్యికి పైగా గళ్లతో ఒక యుద్ధక్రీడను ప్రకటించాడు. 1812లో రైస్విట్జ్ అనే బారన్ ప్రష్యా రాజుకు సమర్పించిన ఆటకైతే సొరుగుల బల్లే కావలసి వచ్చింది. కొండలు, నదులు, ఊళ్లు తీర్చిన పలకలను దానిమీద పేర్చి రణరంగం సిద్ధం చేసుకోవాలి. అలాంటి బల్ల రాజమందిరంలో తప్ప ఎక్కడ ఇముడుతుంది? ఆయన కొడుకు 1824లో అదే ఆటను 1:8000 స్కేలు పటం మీదికి, చిన్న దిమ్మెల్లోకి దించాడు. ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు తీసుకున్నది తండ్రి బల్లను కాదు, కొడుకు పటాన్ని.

ఇళ్లలోకి వచ్చాక కూడా ఇదే జరిగింది. హెచ్.జి.వెల్స్ 1913లో ప్రచురించిన 'లిటిల్ వార్స్'లో స్ప్రింగు ఫిరంగులు నిజంగానే గుండ్లు విసిరి 54 మిల్లీమీటర్ల సీసపు సైనికులను పడగొడతాయి. గుండు ఎగరాలంటే దూరం కావాలి కాబట్టి గది నేలంతా యుద్ధభూమి అయ్యేది. తర్వాతి తరం ఫిరంగిని పక్కన పెట్టి పాచికను నమ్ముకుంది. దెబ్బ తగిలిందో లేదో పాచిక చెబుతున్నప్పుడు నిజమైన దూరంతో పని లేదు. స్కేలుబద్దతో కొలిస్తే సరిపోతుంది. దాంతో బొమ్మా చిన్నదైంది, రంగమూ చిన్నదైంది. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ పుస్తకం 'వార్ గేమ్స్' వచ్చేనాటికి ఎయిర్‌ఫిక్స్ కంపెనీ చిన్న, చవక ప్లాస్టిక్ సైనికులు బ్రిటన్ దుకాణాల్లో దొరుకుతున్నారు.

బొమ్మలు చిన్నవైంది ధర కోసమే, చోటు కోసం కాదు అనవచ్చు. ధర పాత్రను నేను కాదనను. కానీ 1990లో ఫిల్ బార్కర్ బృందం తెచ్చిన డీబీఏ అనే ఆట చూడండి. 15 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆడితే రంగం రెండడుగుల చదరమని నిబంధనలే చెప్పాయి. పక్షానికి పన్నెండు దళాలు. ఒక్కో దళం 40 మిల్లీమీటర్ల వెడల్పు అట్టముక్క మీద నిలబడుతుంది. వంతు రాగానే ఒక పాచిక వేస్తారు. రెండు పడితే రెండు కదలికలే: కుడివైపు గుర్రపుదళాన్ని కాపాడాలా, నడుమ ఈటెల వరుసను ముందుకు నడపాలా? సేనాపతికి ఎదురయ్యే అసలు సమస్య ఇదే, ఇది తేలడానికి గంట చాలు. రెండో అభ్యంతరం మరింత బలమైనది: పది అడుగుల బల్ల మీద వందల బొమ్మలు బారులు తీరిన వైభవం పలక మీద ఏది? ఆ వైభవం నిజమే, దాన్ని కోరుకోవడంలో తప్పు లేదు. అయితే 6 మిల్లీమీటర్ల బొమ్మలతో జానెడు జాగాలోనే పటాలం పటాలంలా కనిపిస్తుంది. పెద్ద బల్లకు ఇల్లు చాలక మానేసిన ఆట కన్నా, భోజనాల బల్ల మీద ప్రతి ఆదివారం సాగే ఆట మేలు. చోటు లేదని వాయిదా వేస్తున్నవారు పన్నెండు దళాలతో మొదలుపెట్టండి. ఆట ముగిశాక పలకను బీరువా వెనక నిలబెట్టుకోవచ్చు.