ఖోకా కథ

రేంజిలో ఫైరింగ్ అయ్యాక మనం ముందు చేసే పని ఏమిటో గుర్తుందా? టార్గెట్ చూసుకోవడం కాదు, ఖోకాలు ఏరుకోవడం. గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తడుముతూ వెతికేవాళ్లం. ఒక్కటి తక్కువైనా లంగరు వైపు కదలనిచ్చేవారు కాదు. "పేలిపోయిన తూటా డొల్ల కోసం ఇంత రాద్ధాంతమా!" అని రిక్రూట్ రోజుల్లో విసుక్కోనివాడు మనలో ఉండడు. దానికి జవాబు చరిత్రలో ఉంది. ఆ చరిత్రకు మొదలూ, చివరా కూడా సూరత్‌లోనే చూడొచ్చు.

తాపీ ఒడ్డున ఉన్న పాత కోటను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి దాడులు తట్టుకోవడానికి కట్టారు. ఆనాటి తుపాకీకీ, ఫిరంగికీ మందు, గుండు మూతి నుంచే కూరేవారు. పేలాక ఏరుకోవడానికేమీ మిగిలేది కాదు. 1857లో సిపాయిలు ముట్టమన్న తూటా కూడా కాగితపు చుట్టే. ఇత్తడి తూటా స్నైడర్ రైఫిల్‌తో 1860ల చివర్లో వచ్చింది. పూణే దగ్గర కిర్కీ మందుగుండు కర్మాగారం 1869లో మొదలైంది.

ఇత్తడినే ఎందుకు ఎంచుకున్నారు? సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఈ లోహం పేలినప్పుడు ఉబ్బి ఛాంబరుకు అతుక్కుంటుంది, వాయువును వెనక్కి రానివ్వదు. మరుక్షణం కాస్త ముడుచుకుని ఊడి వస్తుంది. కనుక దాన్ని కడిగి, సైజు సరిచేసి, మళ్లీ నింపవచ్చు. 25 పౌండర్ ఫిరంగి కేసులను అలాగే వాపసు పంపి, బాగుచేసి, మళ్లీ వాడేవారు. అడుగున కొట్టిన గుర్తులను బట్టి ఎన్నిసార్లు పేలిందో తెలిసేది.

కడగడం అందం కోసం కాదు. పాత రకం ప్రైమర్ మిగిల్చే ఉప్పు తేమను పీల్చి లోహాన్ని తింటుంది. మసి కింద పగులు కనబడదు. కడగడానికి వాడేది పలచని ఆమ్లం, తర్వాత మంచినీళ్లు, ఆపైన బాగా ఆరబెట్టడం. ఇది మనకు కొత్తేమీ కాదు. సూరత్ లింబాయత్‌లో మగ్గాల మీద బతికే మన పద్మశాలి ఇళ్లలో అమ్మలు ఇత్తడి బిందెను చింతపండుతో తోమే పద్ధతే. పులుపు ఎక్కువసేపు ఉంటే బిందె ఎర్రబడుతుందని కూడా వాళ్లకు తెలుసు. జింకు కరిగిపోయి రాగి పైకి తేలడమే దానికి కారణం.

అన్నిటికంటే పెద్ద పాఠం మన దేశపు వానాకాలం నేర్పింది. బ్రిటిష్ సైన్యం వానలు తగ్గేదాకా తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. తీరా తీసి చూస్తే కేసులు పగిలి ఉండేవి! దీనికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు పెట్టారే గానీ కారణం చాలాకాలం తేలలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిని వేడి చేయకుండా సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి పగలగొట్టాయి. తగుమాత్రం వేడి చేసి ఆ బిగువు తీసేయడమే మందు. అందుకే అమ్మోనియా కలిసిన మెటల్ పాలిష్ బకిల్‌కు సరేగానీ మళ్లీ నింపే కేసుకు పనికిరాదు. మెరుపు చూసి మోసపోతే ఛాంబరులో ప్రాణం మీదికి వస్తుంది.

ఇక చివరి అధ్యాయం. తాపీ సముద్రంలో కలిసేచోట హజీరా ఉంది. 2017 ఒప్పందం ప్రకారం ఎల్ అండ్ టీ వారు 100 కే-9 వజ్ర తోపులు ఇచ్చారు. నూరోది 2021 ఫిబ్రవరిలో హజీరా నుంచి బయలుదేరింది. 2024 డిసెంబరులో మరో 100కి ఒప్పందం అయింది. ఈ 155 మి.మీ. తోపుకు, అంతకుముందు మన బోఫోర్స్‌కు లాగే, ఇత్తడి కేసు లేదు. ఛార్జి మొత్తం లోపలే కాలిపోతుంది. వాయువును ఆపే పని బ్రీచ్ మీద పడింది. అంటే కేసు కడిగే పని పోయి, బ్రీచ్ తుడిచే పని గన్నర్‌కు పెరిగింది!

రైఫిల్ రేంజిలో మాత్రం కుర్రాళ్లు ఈనాటికీ ఖోకాలు ఏరుతూనే ఉన్నారు. వాళ్లు విసుక్కుంటే కోప్పడకండి సార్. పక్కన కూర్చోబెట్టుకుని ఈ గుర్రపుశాల కథ చెప్పండి. జై హింద్!