నాలుగు యూనివర్సిటీలు, ఒకే కాగితం

స్టీవెన్స్ క్రీక్ రోడ్డు మీదుగా వచ్చే 23వ నంబరు బస్సు ఆఖరి స్టాపు డి ఆంజా కాలేజీ. దిగండి. కుపర్టినోలో సెప్టెంబరు మధ్యాహ్నం, ఎండ ఇంకా గట్టిగానే ఉంది. క్లాసులు ఇంకా మొదలవలేదు, జనం పలచగా ఉన్నారు. క్యాంపస్ సెంటర్‌లో కిటికీ పక్క బల్ల దగ్గర పద్దెనిమిదేళ్ల తెలుగమ్మాయి ఒకతె ల్యాప్‌టాప్, తెల్లకాగితం, స్కేలు ముందేసుకుని కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీ. కూర్చోండి.

కాగితం మీద నాలుగు నిలువు గడులు గీసింది: బర్క్‌లీ, లాస్ ఏంజిలెస్, శాన్ డియేగో, శాన్ హోసే స్టేట్. మొదటి మూడూ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లు, నాలుగోది స్టేట్ యూనివర్సిటీ. డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, మూడో ఏడాదికి వీటిలో ఒకదానికి మారాలని ఆమె ఆలోచన. ఎడమ అంచున సబ్జెక్టుల పేర్లు. ల్యాప్‌టాప్‌లో అసిస్ట్ డాట్ ఆర్గ్ తెరిచి ఉంది. కాలిఫోర్నియాలో ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సుని ఏ ప్రభుత్వ యూనివర్సిటీ దేనికి సమానంగా తీసుకుంటుందో అధికారికంగా చెప్పేది అదే. కాలేజీ, యూనివర్సిటీ, మేజర్ ఎంచుకుంటే ఒప్పందం తెర మీదికి వస్తుంది. ఎడమ పక్క అక్కడివాళ్లు అడిగేది, కుడి పక్క ఇక్కడ దొరికేది. కానీ ఒక్కో యూనివర్సిటీది ఒక్కో పేజీ. నాలుగూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలంటే ఇలా చేత్తో గీసుకోవడమే మేలు.

ఆమె పెన్ను లీనియర్ ఆల్జీబ్రా దగ్గర ఆగింది. తెర వైపు వంగి చూడండి. లాస్ ఏంజిలెస్‌లో లీనియర్ ఆల్జీబ్రా ఒక కోర్సు, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఇంకో కోర్సు. శాన్ డియేగోలోనూ అంతే. బర్క్‌లీ మాత్రం ఆ రెంటినీ మ్యాథ్ 54 అనే ఒకే కోర్సులో చెబుతుంది. డి ఆంజాలో అవి 2ఎ, 2బి అని రెండు. ఇక్కడ ఒక్కటే చదివి ఊరుకుంటే లాస్ ఏంజిలెస్ దాన్ని ఒక కోర్సుగా లెక్కేస్తుంది. బర్క్‌లీ మ్యాథ్ 54కి మాత్రం అది చాలదు. ఆమె రెండు వరుసల పక్కనా టిక్కు పెట్టి, బర్క్‌లీ గడిలో రెంటినీ కలిపి ఒక బ్రాకెట్ గీసింది. నలుగురు సలహాదారులు చెప్పేదానికన్నా ఆ చిన్న బ్రాకెట్ ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

ఇంకో చిక్కు క్యాలెండర్‌ది. డి ఆంజా, దాని తోబుట్టువు ఫుట్‌హిల్ కాలేజీ క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. రాష్ట్రంలో మిగతా కమ్యూనిటీ కాలేజీలు దాదాపు అన్నీ సెమిస్టర్. అటు చూస్తే లాస్ ఏంజిలెస్, శాన్ డియేగో క్వార్టర్. బర్క్‌లీ, శాన్ హోసే స్టేట్ సెమిస్టర్. మూడు క్వార్టర్ యూనిట్లకి రెండు సెమిస్టర్ యూనిట్లు. మూడో ఏడాదిలో చేరడానికి యూసీ అడిగే 60 సెమిస్టర్ యూనిట్లు ఇక్కడ 90 అయ్యేది అందుకే. యూనిట్ల లెక్క సులువు, కోర్సుల లెక్కే కష్టం. రెండు సెమిస్టర్ల పాఠం మూడు క్వార్టర్లలో సర్దినప్పుడు, రెండు క్వార్టర్లు చదివి ఆపేస్తే చేతిలో ఉండేది ఒక సెమిస్టరూ ఒక ముక్క. ఆ ముక్కకి అవతల విలువ లేదు. మొదలెట్టిన వరుస ఆ కాలేజీలోనే పూర్తి చేసి వెళ్లమని కౌన్సెలర్లు పదేపదే చెప్పడం ఇందుకే.

కాగితం తిప్పింది. వెనక వైపు ఆరు పెట్టెలు: రెండేళ్లు, ఏడాదికి ఫాల్, వింటర్, స్ప్రింగ్. వేసవిని చుక్కల గీతతో వేసింది. 90 యూనిట్లని ఆరుకి పంచితే క్వార్టర్‌కి పదిహేను. రాష్ట్ర నివాసులకి యూనిట్ ఫీజు 31 డాలర్లు కాబట్టి డబ్బు కన్నా చోటే ఇక్కడ ఖరీదైనది.

నింపడం ఎక్కడ మొదలెడుతుందో గమనించండి. ఇంగ్లిష్ కాదు, హిస్టరీ కాదు. ముందు లెక్కలే. కాలిక్యులస్ 1ఎ, 1బి, 1సి మొదటి ఏడాది, 1డి రెండో ఏడాది ఫాల్‌లో, ఆ తర్వాత 2ఎ, 2బి. ఆరు పెట్టెల్లోనూ ఒక్కో లెక్కల క్లాసు పడింది. ఈ గొలుసులో ఒక్క క్లాసు తప్పినా, ప్రీకాలిక్యులస్ నుంచి మొదలెట్టాల్సి వచ్చినా, వేసవి వాడుకోక తప్పదు. ఫిజిక్స్ కాలిక్యులస్‌ని పట్టుకుని నడుస్తుంది, ప్రోగ్రామింగ్ 22ఎ, 22బి, 22సి ఒకదాని వెనక ఒకటి. పొడుగాటి గొలుసులు ముందు పేర్చుకుని, మిగిలిన సందుల్లో జనరల్ ఎడ్యుకేషన్ సర్దుకోవాలి. కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్‌కి యూనివర్సిటీలు ముందు చూసేది మేజర్ కోర్సులనే. చాలామంది పిల్లలు దీన్ని తలకిందులుగా చేస్తారు. తేలికైనవన్నీ మొదటి ఏడాదిలో లాగించేసి, రెండో ఏడాది ఫిజిక్స్ క్లాసు బయట వెయిట్‌లిస్టులో నిలబడతారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అసలు గడువు ఎక్కడుందో ఆమె ఎర్ర సిరాతో గుర్తు పెట్టింది: రెండో ఏడాది నవంబరు ఆఖరు. యూసీ దరఖాస్తు అప్పటికి పంపాలి. అప్పటికి చేతిలో ఉండేది మొదటి ఏడాది మార్కులే. ఫాల్ మార్కులు జనవరిలో చేరుస్తారు. రెండేళ్ల చదువని పేరే గానీ మొదటి మూడు పెట్టెల్లో ఏం రాశామన్నదే దరఖాస్తుకి వెన్నెముక.

దానికన్నా ముందే, ఆ సెప్టెంబరు నెలలో, ట్యాగ్ ఉంది. ఫలానా కోర్సులు, ఫలానా సగటు ఉంటే సీటు ఖాయమని యూసీ ముందే రాసిచ్చే హామీ అది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ మాత్రమే ఇస్తాయి, వాటిలో ఒక్కదానికే పెట్టుకోవాలి. కొన్ని మేజర్లకి వర్తించదు, ఆ జాబితా ఏటా మారుతుంది. ఆమె గీసిన మూడు యూసీల్లో ఒక్కటీ ఆ ఆరింటిలో లేదు. కాసేపు తెర వైపు చూసి, స్కేలు జరిపి ఐదో గడి గీసింది. పైన మెర్సెడ్ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

శాన్ హోసే స్టేట్ గడిలో ఉపన్యాస కళ కోర్సు కనిపించింది. యూసీలు తమ కనీస అర్హతల్లో దాన్ని అడగవు, స్టేట్ యూనివర్సిటీలకి తప్పదు. 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరేవాళ్లకి రెండు వ్యవస్థలకీ కలిపి కాల్‌గెట్‌సీ అని ఒకే జనరల్ ఎడ్యుకేషన్ వరుస పెట్టారు, అందులో ఇదీ ఉంది. పదకొండు కోర్సులు. ఒక్క గడిలోనే టిక్కున్న వరుస కదా అని కొట్టేయబోయి ఆగి, వేసవి చుక్కల పెట్టెలోకి తోసింది. సరైన పనే. అన్ని గడుల్లో టిక్కున్న వరుస గురించి ఆలోచించక్కర్లేదు. ఒక్క గడి కోసమే చదవాల్సిన ప్రతి కోర్సుకీ, ఆ యూనివర్సిటీ నాకు అంత కావాలా అని ప్రశ్నించుకోవాలి.

సాయంత్రమైంది. ఆఫీసు నుంచి వాళ్ల నాన్న తీసుకెళ్లడానికి వచ్చాడు, మెడలో బ్యాడ్జి ఇంకా తీయలేదు. మీరు లేచి ఆయనకి కుర్చీ ఇవ్వండి.

"ఇంకా అవలేదా తల్లీ?"

"లేదు డాడీ, ఇంకొంచెం."

ఆయన కాగితం చేతిలోకి తీసుకోలేదు, దూరం నుంచే చూశాడు. గుంటూరులో ఉన్న అన్నదమ్ములకి కూతురు ఏ కాలేజీలో చేరిందో ఇంకా చెప్పలేదు. ఈ మౌనం బే ఏరియాలో చాలా తెలుగిళ్లలో ఉంది, నాకు బాధ కలిగించేదీ అదే. 1960లో అప్పటి యూసీ అధ్యక్షుడు క్లార్క్ కెర్ పూనికతో రాసిన ఉన్నత విద్య మాస్టర్ ప్లాన్ నుంచీ, కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి వెళ్లే ఈ దారిని ఈ రాష్ట్రం కావాలనే కట్టింది. ఇద్దరు ఫ్రెష్‌మెన్‌కి ఒక ట్రాన్స్‌ఫర్ విద్యార్థి చొప్పున తీసుకోవడం యూసీ పెట్టుకున్న లక్ష్యం. మనకి మాత్రం చెప్పుకోడానికి మొహమాటం. ఆ మొహమాటం వల్ల పిల్లలు ఇంత లెక్కనీ ఒంటరిగా వేసుకుంటున్నారు.

"మన వెంకట్ బాబాయి పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరలేదూ, అలాంటిదేనా ఇది?" అన్నాడు.

"కొంచెం అలాంటిదే డాడీ. కానీ ఇక్కడ ఒక పరీక్ష, ఒక ర్యాంకు ఉండవు. ఈ కోర్సులే పరీక్ష. ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో సిలబస్."

అప్పుడు వంగి చూశాడు. వేలితో బ్రాకెట్ మీద గీసి, అదేమిటని అడిగాడు. ఆమె చెప్పింది. రోజూ లెక్కలతో బతికే మనిషి, చప్పున పట్టుకున్నాడు. కింద శాన్ డియేగో గడిలో వేలు ఆగింది.

"మరి ఇది ఖాళీగా ఉందేం?"

"దానికి సరిపోయే కోర్సు ఇక్కడ లేదని వస్తోంది."

"లేకపోతే ఎట్లా? మానేస్తారా?"

"కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. అడగాలి. పక్క కాలేజీలో ఉంటే అక్కడ ఆ ఒక్కటీ చదవచ్చేమో."

బ్యాడ్జి తీసి జేబులో పెట్టుకుని, ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు.

"ఫుట్‌హిల్‌లో ఉందేమో చూద్దాం. ఎక్కడ మార్చాలి, ఇక్కడేనా?"

"ఆ, పైన. కాలేజీ పేరు దగ్గర."