పళ్ళ క్లిప్పులు

పళ్ళ క్లిప్పులు అనగా వంకరగా, ఎగుడుదిగుడుగా లేక ఎత్తుగా వచ్చిన దంతాలను క్రమపరచుటకు అమర్చే పరికరాలు. ఈ చికిత్సకు సంబంధించిన దంతవైద్య శాఖను ఆర్థోడాంటిక్స్ అని, ఇందులో నిపుణుడైన వైద్యుని ఆర్థోడాంటిస్టు అని అంటారు. చికిత్సకు సాధారణంగా ఒకటిన్నర నుండి రెండు సంవత్సరాలు పడుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప రైతు కుటుంబాలకు ఆదాయం ఏడాదిలో కొద్ది నెలలే వస్తుంది కనుక, ఏ లోపానికి వెంటనే చికిత్స కావాలో, ఏది పంట డబ్బు చేతికి వచ్చే వరకు ఆగగలదో తెలుసుకొనుట అవసరం.

చరిత్ర

అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో పై, క్రింది దంతాల పొందికలోని లోపాలను మూడు తరగతులుగా వర్గీకరించాడు. ఈ వర్గీకరణ నేటికీ వాడుకలో ఉన్నది. భారతదేశంలో ఇండియన్ ఆర్థోడాంటిక్ సొసైటీ 1965లో ఏర్పడింది.

పనిచేసే విధానం

ప్రతి దంతానికి బ్రాకెట్ అనే చిన్న బిళ్ళను అంటించి, వాటి గుండా తీగను బిగిస్తారు. తీగ ఒత్తిడికి దంతం జరిగే వైపు ఎముక కరిగి, వెనుక వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. దంతాలకు చోటు చాలనప్పుడు కొన్ని దంతాలను తీసివేయవలసి రావచ్చు. క్లిప్పులు తీసిన తరువాత దంతాలు పాత స్థానానికి పోకుండా రిటైనర్ ధరించాలి.

ఎప్పుడు చేయించాలి

అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం 7 ఏళ్ళ లోపు ఒకసారి పరీక్ష చేయించమని సూచిస్తుంది. పరీక్ష అంటే వెంటనే క్లిప్పులు వేయించుట కాదు.

* ఆలస్యం చేయరానివి: పై పళ్ళు క్రింది పళ్ళకు లోపలి వైపు పడుట, క్రింది దవడ ముందుకు లేక బాగా వెనుకకు ఉండుట. దవడ పెరుగుదలను మార్చే పరికరాలు ఎదిగే వయసులోనే పనిచేస్తాయి. ఆ వయసు దాటితే తీవ్రమైన లోపాలకు శస్త్రచికిత్స అవసరం కావచ్చు. బాగా ఎత్తుగా ఉన్న ముందు పళ్ళు పడినప్పుడు విరిగే ప్రమాదం ఎక్కువ.
* ఆగగలిగినవి: దవడలు సరిగా ఉండి పళ్ళు మాత్రమే కొద్దిగా వంకరగా ఉండుట, చిన్న సందులు. వీటిని పెద్దయిన తరువాత కూడా సరిచేయవచ్చు.

పుచ్చిపళ్ళు, చిగుళ్ళ వ్యాధి ఉంటే ముందుగా వాటికి చికిత్స చేయించాలి.

ఖర్చు

లోహపు క్లిప్పులు చవక. పంటి రంగులో ఉండే సిరామిక్ క్లిప్పులకు ఖర్చు ఎక్కువ. పారదర్శకమైన అలైనర్లకు లక్ష రూపాయలు దాటవచ్చు. మొదట కొంత మొత్తం, తరువాత నెలవారీ వాయిదాలు తీసుకొనుట క్లినిక్‌లలో సాధారణ పద్ధతి. ఎక్స్‌రేలు, పళ్ళు తీయుట, ఊడిన బ్రాకెట్లు, రిటైనర్ చెప్పిన మొత్తంలో ఉన్నాయో లేదో ముందుగా వ్రాయించుకొనుట మంచిది. సాధారణ ఆరోగ్య బీమా పాలసీలలో ఈ చికిత్సకు చాలావరకు వర్తింపు ఉండదు. దంతవైద్య కళాశాలలలో అధ్యాపకుల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు చికిత్స చేస్తారు కనుక ఖర్చు తక్కువ, కాని ప్రతిసారీ ఎక్కువ సమయం పడుతుంది. గుంటూరు వద్ద తక్కెళ్ళపాడులో సిబార్ దంతవైద్య కళాశాల, విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నాయి.

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో

పత్తి తీతలు అక్టోబరు నుండి, మిరప కోతలు జనవరి నుండి ఊపందుకుంటాయి. గుంటూరు మిర్చి యార్డుకు ఏటా వేసవిలో కొన్ని వారాలు సెలవులు ఉంటాయి. ధర కోసం సరుకును శీతల గిడ్డంగిలో ఉంచిన రైతుకు డబ్బు ఇంకా ఆలస్యంగా అందుతుంది. కనుక మొదటి మొత్తం పంట చేతికి వచ్చినప్పుడు చెల్లించినా, తరువాతి వాయిదాలకు, నెలనెలా పట్టణానికి రాకపోకలకు కొంత విడిగా ఉంచుకోవాలి. చికిత్సను మధ్యలో ఆపితే తీసిన పళ్ళ సందులు మిగులుతాయి. పర్యవేక్షణ లేని క్లిప్పుల చుట్టూ పళ్ళు పుచ్చుతాయి. రెండేళ్ళు కొనసాగించలేమనుకుంటే, ఆగగలిగిన లోపానికి మొదలుపెట్టకుండుటే మేలు. పదవ తరగతి తరువాత హాస్టల్‌లో చేరే పిల్లలు నెలనెలా వైద్యుని వద్దకు వెళ్ళుట కష్టం. దీనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నట్లు 1937లో వెల్లడైంది. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో ఆ ప్రాంతంలో కొంత కలిసింది. ఫ్లోరోసిస్ సోకిన పంటిపై బ్రాకెట్లు గట్టిగా అంటుకోవు, తరచూ ఊడవచ్చు.

జాగ్రత్తలు

చెరకు, జామకాయ, చెక్కలు, వేరుశనగ ఉండలు వంటి గట్టి పదార్థాలను కొరకరాదు. తిన్న ప్రతిసారి పళ్ళు శుభ్రం చేసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* దంతాలు
* ఫ్లోరోసిస్
* దంతవైద్యం