విద్యా మనోవిజ్ఞాన పట్టభద్రుల నైపుణ్యాలు: మార్కులకు అందని ఫలితాలు

విశ్వవిద్యాలయంలో విద్యా మనోవిజ్ఞాన శాస్త్రం చదివిన విద్యార్థి చివరికి ఏం చేయగలగాలి అన్న ప్రశ్నకు నేడు ప్రతి విద్యా విభాగమూ లిఖితపూర్వకంగా సమాధానం చెప్పవలసి వస్తోంది. కోర్సు ముగిసేనాటికి విద్యార్థిలో కనిపించవలసిన జ్ఞానాన్నీ, నైపుణ్యాన్నీ, దృక్పథాన్నీ ముందుగా ప్రకటించే వాక్యాలను ‘ప్రోగ్రాం అవుట్‌కమ్స్’ అంటారు; ఇవి ఎంతవరకు నెరవేరాయన్నది ఉన్నత విద్యాసంస్థలకు గుర్తింపునిచ్చే న్యాక్ మూల్యాంకనంలోనూ ఒక అంశం. లోపం ఈ ప్రకటనల్లో కంటే వాటిని లెక్కగట్టే తీరులో ఉంది. ఆ లెక్క సాధారణంగా చివరి పరీక్షల మార్కుల మీద, చదువు ముగించి వెళ్లే విద్యార్థులు నింపే అభిప్రాయ పత్రాల మీద ఆధారపడుతుంది. అభ్యసనాన్ని కొలవడమే తన పనిగా పెట్టుకున్న ఈ శాస్త్రానికి ఆ రెండు ఆధారాల బలహీనతా తెలియనిది కాదు.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి 2006లో ప్రచురించిన ప్రయోగాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒక పాఠ్యభాగాన్ని రెండుసార్లు చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తర్వాత జరిగిన పరీక్షలో సుమారు 81 శాతం అంశాలు గుర్తుచేసుకోగా, ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారు 75 శాతం దగ్గర ఆగారు. వారం గడిచాక మాత్రం మొదటివారు 42 శాతానికి పడిపోగా, రెండోవారు 56 శాతం నిలుపుకున్నారు. అదే పరిశోధనలోని మరో ప్రయోగంలో, మళ్లీమళ్లీ చదివినవారికే తమకు బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువగా కనిపించింది. అంటే పరీక్ష ముందురోజు చదువు తెచ్చే మార్కు ధారణకు, అంటే నేర్చినదాన్ని కాలం గడిచినా నిలుపుకోవడానికి, నమ్మదగిన గుర్తు కాదు. విద్యార్థి తన చదువు గురించి చెప్పే మాట అంతకంటే తక్కువ నమ్మదగినది.

ధారణ ఉన్నంత మాత్రాన నైపుణ్యం ఉన్నట్టు కాదు. ఒక సందర్భంలో నేర్చినది మరో సందర్భంలో అక్కరకు రావడాన్ని అభ్యసన బదలాయింపు అంటారు. అది దానంతట అది జరగదని, రెండు సందర్భాల్లోనూ సమాన అంశాలు ఉన్న మేరకే జరుగుతుందని మనోవిజ్ఞానవేత్తలు థారన్‌డైక్, వుడ్‌వర్త్ 1901లోనే వాదించారు. పియాజె చెప్పిన వికాస దశల మీద నిర్దుష్టమైన వ్యాసం రాయగల ఛాత్రోపాధ్యాయుడు (ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న విద్యార్థి), ‘కర్ర’ను ‘కర’ అని చదివే మూడో తరగతి పిల్ల ఎదుట నిలిచినప్పుడు చేయవలసిన పని వేరు: చూపులో, వినికిడిలో ఇబ్బంది లేదని నిర్ధారించుకోవాలి, తప్పులు గుణింతాల దగ్గర వస్తున్నాయా ఒత్తుల దగ్గర వస్తున్నాయా అని నమోదు చేయాలి, తగిన అభ్యాసం రూపొందించాలి, కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలవాలి. కన్నడ అక్షరాలు నేర్చుకోవడం ప్రాథమిక తరగతుల్లో చాలాకాలం సాగుతుందని పరిశోధకురాలు సోనాలీ నాగ్ 2007 అధ్యయనం చూపింది. తెలుగు లిపి కన్నడ లిపికి తోబుట్టువే కాబట్టి, ఇక్కడి పిల్లల తడబాటును వెంటనే లోపంగా భావించడానికి ముందు పైన చెప్పిన పరిశీలన అవసరం. నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చేర్చినందువల్ల ఈ విచక్షణ మరింత బరువైనదైంది; తొందరపాటుతో అంటించిన ముద్ర ఎంత హాని చేస్తుందో, అవసరమైన పిల్లకు గుర్తింపు దక్కకపోవడం కూడా అంతే హాని చేస్తుంది.

ఈ శాస్త్రానికి దగ్గరి శాఖ అయిన పాఠశాల మనోవిజ్ఞానంలో, ఆ రంగపు నిపుణుల అమెరికా జాతీయ సంఘం తన 2020 ప్రమాణాల్లో స్పెషలిస్ట్ స్థాయి అభ్యర్థికి కనీసం 1,200 గంటల ఇంటర్న్‌షిప్‌ను, అందులో కనీసం 600 గంటలు పాఠశాలలోనే గడపడాన్ని తప్పనిసరి చేసింది. గంటల సంఖ్యకంటే విలువైన నిబంధన మరొకటి ఉంది: అభ్యర్థి సేవల వల్ల పిల్లల్లో కొలవదగిన మేలు కలిగిందని శిక్షణ కార్యక్రమం ఆధారాలతో చూపాలి. పట్టభద్రుని నైపుణ్యానికి సాక్ష్యం అతని జవాబు పత్రంలో కాక, అతను పనిచేసిన పిల్లల్లో వెతకడం ఇందులోని సరైన సూత్రం.

ఆ దేశపు వనరులు, సిబ్బంది ఇక్కడ లేవన్న అభ్యంతరం సగమే నిజం. ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ ఒక్క పిల్ల చదువును మొదట, చివర కొలిచి, మధ్యలో తాను చేసినదాన్ని రాసిన నివేదికను సమర్పించడానికి ప్రయోగశాల అక్కరలేదు. అలాంటి నివేదికలనే కార్యక్రమ ఫలితాలకు ప్రధాన ఆధారంగా స్వీకరించాలి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు బీఎడ్‌ను రెండేళ్లు చేసి, రెండో సంవత్సరంలో 16 వారాల పాఠశాల ఇంటర్న్‌షిప్‌ను నిర్దేశించాయి. ఈ పనికి కావలసిన వ్యవధి అందులోనే ఉంది.