సిద్దిపేట: బోరింగుల నుంచి జలాశయాల దాకా

జిల్లా కేంద్రంగా సిద్దిపేట వయసు తక్కువే. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, పాత మెదక్ జిల్లాలోంచి విడదీసి, కరీంనగర్, వరంగల్ జిల్లాల మండలాలు కొన్ని కలిపి కొత్త జిల్లా చేశారు. కచ్చేరి ఊరుగా మాత్రం దాని పేరు పాతది. నిజాం పాలనలోనే ఇది తాలూకా కేంద్రం. 1952లో మున్సిపాలిటీ అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక కూడా పట్టా పనికైనా, వడ్లు అమ్మడానికైనా, పెళ్లి బట్టలకైనా చుట్టుపక్కల పల్లెలు సిద్దిపేట బస్సే ఎక్కాయి.

కచ్చేరీలు ఊరికి హోదా ఇచ్చాయి. ఇంటింటి బతుకును మార్చింది మాత్రం నీళ్లే.

పెద్ద నది ఏదీ పట్టణాన్ని ఆనుకొని పారదు. కోమటి చెరువు, ఎర్ర చెరువు, నర్సాపూర్ చెరువు, వాటిని నింపే వాన, ఇదే పాత ఆధారం. వాన మొహం చాటేసిన ఏడాది చెరువులు ఎండేవి, బోరింగుల దగ్గర బిందెలు వరస కట్టేవి. ఆ వరసలో నిలబడింది ఆడవాళ్లే. పొద్దున్నే నీళ్ల కోసం పోయిన గంటలు ఏ కచ్చేరి దస్త్రంలోనూ నమోదు కాలేదు. ఈ ఊరి చరిత్రలో పెద్ద వెలితి అదే.

1985లో ఇక్కడి నుంచి తొలిసారి శాసనసభకు గెలిచిన కె.చంద్రశేఖరరావు (కేసీఆర్), ఎమ్మెల్యేగా ఉన్న కాలంలో కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు నుంచి పైపులైను వేయించి పట్టణానికీ పల్లెలకూ తాగునీరు తెప్పించారు. తరవాత రాష్ట్రమంతటికీ తలపెట్టిన మిషన్ భగీరథకు ఈ పథకమే నమూనా అని ఆయన పలుమార్లు చెప్పారు. భగీరథను ప్రధాని నరేంద్ర మోదీ 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రారంభించారు. రెండు నెలలు దాటగానే కోమటిబండ కూడా సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. ఇంట్లో నల్లా తిప్పితే నీళ్లు రావడం కలెక్టరేట్ రావడం కంటే పెద్ద మార్పు.

చెరువుల పని కూడా మారింది. చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కింద కోమటి చెరువు కట్టను మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దారు. నడక దారి, బోట్లు, వేలాడే వంతెన వచ్చాయి. ఇప్పుడు సాయంత్రమైతే ఊరంతా అక్కడికే పోతుంది.

ఈ నేల పండగలను, కష్టజీవులను బొమ్మల్లోకెక్కించినవాడు కాపు రాజయ్య (1925–2012). ఇక్కడే పుట్టి, ఇక్కడే డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, నకాశీ బొమ్మల తీరును తన కుంచెలోకి తెచ్చుకున్నారు. బతుకమ్మలు, బోనాలు, వడ్డెర ఆడవాళ్లు ఆయన బొమ్మల్లో నిండుగా నిలబడ్డారు. మగ్గం మీద కూడా ఈ ఊరికో గుర్తుంది. గొల్లభామ చీర అంచులో కుండ ఎత్తుకున్న భామను నేతగాడు రంగు నూలు పోగులను చేత్తో పడుగులోకి ఎక్కిస్తూ తీరుస్తాడు. ఎంతో ఓపిక తినే పని. భౌగోళిక గుర్తింపు దక్కినా ఆ నేత నేర్చుకునే పిల్లలు తగ్గిపోతున్నారు. సర్టిఫికెట్టుతో మగ్గం ఆడదు, కొనేవాళ్లుంటేనే ఆడుతుంది.

రాజకీయంగా ఈ పట్టణం తెలంగాణ ఉద్యమానికి పుట్టిల్లు లాంటిది. 2001లో కేసీఆర్ పదవికి రాజీనామా చేసి, కొత్త పార్టీ పెట్టి, ఉప ఎన్నికలో గెలిచింది ఇక్కడి నుంచే. 2009 నవంబరు 29న నిరాహార దీక్షకు ఎంచుకున్న చోటు కూడా సిద్దిపేటే. దారిలో కరీంనగర్ దగ్గర అలుగునూరులోనే ఆయన్ని అరెస్టు చేశారు.

రాష్ట్రం వచ్చాక కాళేశ్వరం ఎత్తిపోతల పథకం నీళ్లు ఈ దిక్కుకు మళ్లాయి. చంద్లాపూర్ దగ్గర గుట్ట చుట్టూ 3 టీఎంసీల రంగనాయకసాగర్ 2020 ఏప్రిల్‌లో నిండడం మొదలైంది. 2022 ఫిబ్రవరి 23న 50 టీఎంసీల మల్లన్నసాగర్‌ను ప్రారంభించారు.

మల్లన్నసాగర్ కిందికి వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లు పోయాయి. వేములఘాట్ జనం నెలల తరబడి రిలే దీక్షలు చేశారు. చివరికి గజ్వేల్ దగ్గర కట్టిన కాలనీలకు ఇల్లూ వాకిలీ మోసుకుపోవలసి వచ్చింది. బోరింగు దగ్గర వరస కట్టిన తరం బాధ తీరిన నిజాన్ని కాదనలేం. కానీ జలాశయం కోసం ఊరినే వదులుకున్నవాళ్లను పక్కన పెట్టి సిద్దిపేట చరిత్ర రాస్తే అది సగమే అవుతుంది. ఆ ఊళ్ల భూముల లెక్కలు ప్రభుత్వం దగ్గరున్నాయి. వీధుల పేర్లు, కుల దేవతల గుళ్లు, అంగడి రోజులు, పొలాల పిలుపుపేర్లు పెద్దవాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. సిద్దిపేట కాలేజీల చరిత్ర, తెలుగు విద్యార్థులు వాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ఆ పెద్దవాళ్లు ఉండగానే ఈ పని జరగాలి.